మహా పరుగుకి పేరయ్య ఇచ్చిన పూచీ

గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ చెట్ల నీడలో తాయారు అనే కుందేలు ఉండేది. గడ్డి మేస్తూ మేస్తూనే కలల్లోకి జారిపోయేది. దానికి ఉన్నది ఒకటే కల. సముద్రం అవతల తెల్లని దీవి ఉందట. అక్కడ దేశదేశాల జంతువులు కలిసి పరుగు పందెం పెట్టుకుంటాయట. లేళ్ళు, చిరుతలు, కంగారూలు, ఎక్కడెక్కడి గుర్రాలూ! ఈసారి మహా పరుగు దగ్గరపడిందని నీటికాకి కబురు తెచ్చింది మొదలు తాయారుకి మేత సయించలేదు. కళ్ళు మూస్తే చాలు, తెల్లటి ఇసక, దానిమీద తేలిపోయే గిట్టలు.

వెళ్ళాలని ఉంది, భయంగానూ ఉంది. పరాయి దీవిలో ఏమైనా అయితే ఎవరు దిక్కు? అలాంటివాళ్ళకోసమే అక్కడి రేవులో పూచీలు అమ్మేవాళ్ళు ఇద్దరున్నారు. ఏం జరిగినా మేం చూసుకుంటామని ముందే మాటిచ్చి, దానికి ప్రతిఫలం పుచ్చుకుంటారన్నమాట. తాయారు ముందుగా గూడబాతు నరసమ్మ దగ్గరికెళ్ళింది.

"అత్తా, మహా పరుగు చూడ్డానికి పూచీ ఇస్తావా?"

"ఇవ్వకేం! జబ్బు చేస్తే చూస్తా. వానొస్తే రెక్కకింద దాస్తా. తిరిగి రాలేకపోతే నా ముక్కుసంచిలో వేసుకుని తెస్తా. గంపెడు చేపలియ్యి."

"చేపలా! నా దగ్గర దోసకాయలే ఉన్నాయి."

"అయితే కాస్త ఆగవే పిల్లా. నీటికుక్కనడిగి వాటిని చేపలకి మార్పిస్తాను."

ఆగడం ఒక్కటే తాయారుకి చేతకాని పని. దోసకాయలు దొర్లించుకుంటూ తిన్నగా నక్క పేరయ్య దగ్గరికెళ్ళింది.

"రావమ్మా రా! అబ్బ, ఏం దోసకాయలు! నీకు పందెంలో ముందు వరస చోటు కూడా ఇప్పిస్తా. ఆ నరసమ్మ ఇప్పిస్తానందా?"

"లేదు బాబాయ్."

"చూశావా మరి! తాబేలు ప్రయాణం, ముందు వరస చోటు, మెత్తటి గడ్డి పరుపు. నువ్వు దీవికి వెళ్ళే పూచీ నాది," అన్నాడు పేరయ్య. ఆ మాట పూర్తయ్యేలోపే ఒక దోసకాయ అయిపోయింది.

ముందు వరస అనేసరికి మన తాయారు ఇంకేమీ అడగలేదు. అడిగితే కల చెదిరిపోతుందేమోనని దాని బెంగ.

బయల్దేరేనాడు రేవంతా సందడి. తాయారుతోపాటు పేరయ్య పూచీ కొన్న ఉడుతా, ముంగిసా కూడా సముద్రపు తాబేలు వీపెక్కాయి. పేరయ్య చెయ్యెత్తి, "ఇంక వెళ్ళండి, పూచీ నాది!" అన్నాడు.

తాయారు టక్కున కిందికి దూకేసింది.

"అలా అంటావేంటి బాబాయ్? బయల్దేరేవాళ్ళని వెళ్ళు అనకూడదని మా అమ్మ చెప్పింది."

"ఏదో ఒకటి, ఎక్కవమ్మా!"

"ఊహూఁ. వెళ్ళిరా అంటేగానీ కదలను."

పోటు తగ్గి నీరు తీసేస్తోందని తాబేలు విసుక్కుంది. పేరయ్య పకపకా నవ్వాడు. "నీ చాదస్తం బంగారంగానూ! సరే, వెళ్ళిరండి తల్లీ, అందరూ వెళ్ళిరండి. పూచీ నాది. చాలా?"

చాలంది తాయారు.

దీవి నిజంగానే తెల్లగా ఉంది. పొద్దువాలే వేళ లేళ్ళు పరుగెత్తుతుంటే కాళ్ళు కనిపించలేదు, ఇసక మాత్రం పొగమంచులా లేచింది. ఎవరు గెలిచారో తాయారుకి పట్టలేదు. తానే పరుగెత్తుతున్నట్టు, ఒంట్లో బరువంతా పోయినట్టు అనిపించింది. ఇంత హాయి ఉంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది.

తెల్లారేసరికి తాబేలు నీళ్ళలోకి దిగుతూ కనిపించింది.

"మమ్మల్ని ఎక్కించుకోవా?"

"పేరయ్య నన్ను ఒకవైపుకే మాట్లాడాడు," అంటూ తాబేలు మునిగిపోయింది.

దక్షిణాన మబ్బు నల్లగా పేరుకుంటోంది. చుట్టూ ఉప్పునీళ్ళే. తాయారుకి ఏడుపొచ్చింది. తన బొరియ, తన గడ్డి, ఇంక కలలోనే చూసుకోవాలా? పందెం చూడ్డానికొచ్చిన నీటికాకిని పిలిచి పేరయ్యకి కబురంపింది. అది తిరిగొచ్చి, "వెళ్ళడానికే పూచీ ఇచ్చాడట. వెళ్ళారుగా అంటున్నాడు," అని చెప్పింది.

తాయారు కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ వెళ్ళి, రేవులో అందరిముందూ ఒక్కటే అడుగు. బాబాయ్ మమ్మల్ని వెళ్ళమన్నాడా, వెళ్ళిరమ్మన్నాడా?"

మబ్బు దీవి మీదికి రాకముందే ఆకాశంలో తెల్లటి రెక్కలు కనిపించాయి. నరసమ్మా, దాని చెల్లెళ్ళూ! తలొకరిని ముక్కుసంచిలో వేసుకుని లేచాయి. కింద అలలు ఊయలలా ఊగుతుంటే తాయారు వెచ్చగా ముడుచుకుని అడిగింది, "అత్తా, బాబాయ్ ఒప్పుకున్నాడా?"

నరసమ్మ ముక్కు కదపకుండా గొంతులోంచే చెప్పింది. "అది మర్యాదకి అన్న మాటని మొత్తుకున్నాడు. మర్యాదకి అన్నవాడివి మర్యాదగా నిలబెట్టుకో, లేకపోతే ఈ రేవులో నీ పూచీ ఇంకెవరూ కొనరన్నాను. మేం ఊరికే మొయ్యం కదా, మా కూలి చేపలు ఆయనే పట్టాలి."

రేవు దగ్గరయ్యేసరికి తాయారు తొంగిచూసింది. కింద పేరయ్య పొట్టలోతు బురదలో దిగబడి, చేప జారిన ప్రతిసారీ దోసకాయల్ని తిట్టుకుంటున్నాడు.

పరాయి తీరానికి పూచీ కొనేవాళ్ళు ముందు వరస చోటుకన్నా ముందు తిరుగుదారి సంగతి అడగాలి.