ఎర్రకొండ ఆయుధపూజ

ఖర నామ సంవత్సరం, శరదృతువు. వానలు వెనకబట్టి, ఎర్రకొండ మీద గడ్డి నడుమెత్తు పెరిగిన రోజులు. ఎర్రకొండకు స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కావస్తోంది.

అంతకు ముందు ఎర్రకొండ పెద్దడవిలో ఒక మూల. పెద్దడవికి పెద్దపులి రాజు. అమావాస్య అమావాస్యకూ కొండ మీద నుంచి ఒక ప్రాణిని దిగువకు పంపాలి. అదే పన్ను. ఎవరి వంతు వస్తే వాళ్లు నడిచి వెళ్లాలి. గుడ్డేలుగు గవరయ్య పెళ్లాం తన వంతు వచ్చిన రోజున అలాగే వెళ్లింది. వెనక్కి చూడకుండా దిగిపోయింది. అప్పటికి గవరయ్య పొట్టకు కరుచుకుని, ఇంకా కళ్లు తెరవని కూతురు సీతాలు ఉంది.

ఆ వానాకాలం చివర్లో, వేటకని కొండకింద గుడారాలు వేసుకున్న మనుషులు వరదకు భయపడి సామానంతా వదిలేసి పారిపోయారు. ఆ సామానులో మూడు తుపాకులు దొరికాయి. కొండవాళ్లు వాటిని పట్టుకుని కనుమ దగ్గర నిలబడ్డారు. పన్ను అందలేదని పైకి వచ్చిన పెద్దపులి భుజంలో గవరయ్య గుండు దిగింది. పులి కుంటుకుంటూ పోయింది. మళ్లీ ఆ దారి తొక్కలేదు.

ఆ సాయంత్రం కొండంతా ఒక్క గొంతుతో "మా కొండ మాది" అని అరిచింది. మాకు రాజు లేడు, పెద్దడవితో మాకు పొత్తు లేదు, ఎర్రకొండ మీద పుట్టిన ప్రతి జీవికీ తుపాకీ పట్టే హక్కు ఉంది, ఆ హక్కు జోలికి ఎవరొచ్చినా ఊరుకోం అని తీర్మానం చేసుకున్నారు.

మాటలు పెద్దవే. గవరయ్యకు మాత్రం వాటన్నిటికీ ఒకటే అర్థం. తన సీతాలును ఇక ఎవరూ దిగువకు పంపలేరు.

తొలి రోజుల్లో కనుమ దగ్గర అందరూ కలిసే కాపలా కాశారు. పులి రాలేదు. రాకపోయేసరికి పొద్దు గడవడానికి తుపాకుల కబుర్లు మొదలయ్యాయి.

గవరయ్యది పొడుగు గొట్టం నాటు తుపాకీ. మందు పోసి, గుడ్డ దోపి, గుండు దించి, కడ్డీతో దట్టించాలి. అడవిపంది అప్పలకొండది జంట గొట్టాల తుపాకీ, అట్ట తూటాలు దూర్చి మడిస్తే చాలు. కొండముచ్చు సన్నాసి దగ్గర దుర్బిణి బిగించిన రైఫిలు ఉంది.

"ఏం బావా, ఇంకా ఆ రోకలినే మోస్తున్నావా?" అనేవాడు అప్పలకొండ. "నువ్వు మందు దట్టించే లోపల పులి వచ్చి, తిని, మూతి కడుక్కుని పోతుంది."

"పులి భుజంలో ఉన్న గుండు ఎవరిదిరా?" అనేవాడు గవరయ్య. "నీ రెండు గొట్టాలూ కలిసి ఒక్క తాటికాయనైనా రాల్చాయా?"

"అది గాలివాటుకు తగిలిందిలే. ఆ రోజు పులికి టైము బాగాలేదు."

సన్నాసి కొమ్మ మీద నుంచి కాళ్లు ఊపుతూ నవ్వేవాడు. "మీ ఇద్దరివీ చప్పుడు సరుకులు. నాది చూపు. అవతలి కొండ మీద చీమ మీసం దువ్వినా నాకు కనిపిస్తుంది."

"కనిపిస్తుంది, కనిపిస్తుంది. మొన్న నెమలిని తోడేలనుకుని కాల్చలేదూ?" అనేవాడు గవరయ్య.

"కంట్లో ఎండ పడింది."

"మరి ఆ కన్ను కూడా ఒకటి కొత్తది బిగించుకో."

మొదట్లో ఇవి నవ్వులాటలే. పోను పోను ముదిరాయి. రోకలి అన్న మాట గవరయ్య మనసులో దిగబడిపోయింది. తుపాకీని రోజూ ఇప్పనూనెతో తుడిచేవాడు. సీతాలు వచ్చి ఒళ్లో కూర్చోబోతే, "అటు కూర్చో తల్లీ, గీతలు పడతాయి" అనేవాడు. ఒకరి తుపాకీ పక్కన ఇంకొకరు కూర్చోవడం మానేశారు. కాపలా కూడా విడివిడిగా, వంతులవారీగా కాస్తున్నారు.

తుపాకీ మీద ఆశ లేనివాడు కొండ మీద నక్క నారాయుడు ఒక్కడే. "హక్కు ఉంటే ఉంది. మీబోటి వీరులుండగా నాకెందుకు బరువు?" అనేవాడు. వేర్లు తవ్వుకొస్తానని అప్పుడప్పుడూ దిగువకు పోయి వచ్చేవాడు. అక్కడ పెద్దపులి గుహలో కూర్చుని, కొండ మీద కబుర్లన్నీ చెప్పి, మిగిలిన మాంసం తిని వస్తున్న సంగతి ఎవరూ ఆరా తీయలేదు. తమ తుపాకుల ముచ్చట వినే ఓపిక నారాయుడికే ఉందని ముగ్గురికీ వాడంటే ఇష్టం.

దసరా దగ్గరపడ్డాక నారాయుడు ముగ్గురినీ కొండ మీది పెద్ద బండ దగ్గరికి పిలిచాడు.

"స్వాతంత్ర్యానికి ఏడాది నిండేది సరిగ్గా దసరా నాడు. మనుషులు ఆ రోజున పలుగుకీ పారకీ కూడా పసుపు రాసి బొట్టు పెడతారు. రాజ్యం తెచ్చిపెట్టిన తుపాకులకు మనం చుక్క పసుపునీళ్లు పొయ్యకపోతే బాగుంటుందా?"

"బాగుండదు" అన్నారు ముగ్గురూ.

"మరొకటి. మనకు రాజు లేడు, జెండా లేదు. రాజ్య తుపాకీ అని ఒకటైనా ఉండాలి కదా? తొలి బొట్టు దానికి పెడదాం. ఏ తుపాకీ అంటారు?"

ఇంకేముంది. బండ దద్దరిల్లిపోయింది. నాదంటే నాదన్నారు. అప్పలకొండ నేల తవ్వాడు. సన్నాసి కొమ్మ విరిచాడు. నారాయుడు చెవులు మూసుకుని అంతా అయ్యేదాకా కూర్చున్నాడు.

"నేను తీర్పు చెబితే నా మీద పడతారు. అమ్మవారికే వదిలేద్దాం. ఎవరు ఎక్కువ ఘనంగా అభిషేకం చేస్తే వాళ్ల తుపాకీకే తొలి బొట్టు. మందు తిత్తులూ తూటాలూ కూడా తెండి, అవి మాత్రం ఆయుధం కావూ?"

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "నారాయుడూ, నా దాంట్లో మందు దట్టించి ఉంది."

"ఖాళీ గొట్టానికి ఎవరైనా పూజ చేస్తారా గవరన్నా? దేవుడు లేని గుడిలో గంట కొట్టినట్టుంటుంది." నక్క గొంతు తగ్గించాడు. "పోనీలే, నీది వద్దు. పాతది కదా. తట్టుకోలేదేమో."

అప్పలకొండ ముక్కుతో చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చాలింది.

"నాదీ పెడతాను" అన్నాడు గవరయ్య.

దసరా నాడు మూడు తుపాకులనూ, మందు తిత్తులూ తూటాలతో సహా, బండ మీద వరసగా పరిచారు. అప్పలకొండ కుండతో పసుపునీళ్లు తెచ్చి తన జంట గొట్టాల మీద, తూటాల మీద పోశాడు. సన్నాసి గొల్లవాళ్ల పాక నుంచి ఎత్తుకొచ్చిన నెయ్యి పూసి, పాలు పోసి, పండ్లు పిసికి రైఫిలు గడియ నిండా పట్టించాడు. గవరయ్య పసుపునీళ్లు పోసి చూశాడు. చాలలేదు. అవతల అప్పలకొండ తన తుపాకీ మీద బెల్లంపాకం పోస్తున్నాడు.

తడిసిన మందు పేలదని గవరయ్యకు తెలియదా? వానాకాలమంతా ఆ మందును పొట్టకింద పెట్టుకుని పడుకున్నవాడు. బాగా తెలుసు. కానీ ఆ సంగతి రేపు చూసుకోవచ్చు. తొలి బొట్టు ఇవాళే పెడతారు. గబగబా గుహకు పోయి, సీతాలు కోసం చలికాలానికని దాచిన తేనెపట్టు తెచ్చాడు. గొట్టం మూతి పైకెత్తి, చేత్తో పిండి, చివరి చుక్కదాకా లోపలికి దించాడు.

"అబ్బ, అభిషేకమంటే ఇదీ!" అన్నాడు నారాయుడు. "అమ్మవారు ముగ్గురినీ మెచ్చింది. ముగ్గురికీ ఒకేసారి బొట్టు పెడుతున్నాను." పెట్టేసి, కొబ్బరిచిప్ప నోట కరుచుకుని దిగువకు పోయాడు.

అంతటితో తగువు తీరకపోగా మొదటికొచ్చింది. ఎవరికి వాళ్లు తమదే రాజ్య తుపాకీ అన్నారు. పొద్దు వాలాక, కనుమ దగ్గరికి ఎవరు పోవాలన్న మాట వచ్చింది.

"ఇవాళ వంతు నీది కదా బావా" అన్నాడు అప్పలకొండ.

"రాజ్య తుపాకీ కాపలా కాస్తుందా? మామూలు తుపాకులు కాస్తాయి. నువ్వు పో."

"నేనెందుకు పోతాను? సన్నాసిని పొమ్మను, చీమ మీసాలు చూసుకుంటాడు."

ఎవరూ పోలేదు.

మర్నాడు పొద్దెక్కాక కనుమ దగ్గర వాగులో సీతాలు నీళ్లు తాగుతోంది. ఎదురొడ్డు గడ్డి కదిలింది. పెద్దపులి బయటికొచ్చింది. భుజం మానిపోయింది.

"నాన్నా!"

గవరయ్య తుపాకీ ఎత్తుకుని పరుగెత్తాడు. గురి చూసి మీట నొక్కాడు. టక్కుమంది. అంతే. గొట్టంలోంచి చీమలు బారుగా బయటికొచ్చాయి. పక్కకు వచ్చిన అప్పలకొండ తూటాలు దూర్చబోయాడు. అట్ట ఉబ్బిపోయి లోపలికి పోవడంలేదు, తుపాకీ మడత పడడంలేదు. సన్నాసి చెట్టు మీద నుంచి ఏడుపుగొంతుతో అరిచాడు. "గడియ అతుక్కుపోయిందిరా! దుర్బిణిలో అంతా నెయ్యే, ఏమీ కనపడ్డంలేదు!"

అప్పుడు గవరయ్యకు వచ్చిన మొదటి ఆలోచన కూతురిది కాదు. 'హమ్మయ్య, వాడిదీ పేలలేదు' అనుకున్నాడు. ఆ తర్వాతే సీతాలు వైపు చూశాడు.

తుపాకీ విసిరికొట్టి పంజా ఎత్తాడు. పంజాకు గోళ్లు లేవు. మీట నొక్కడానికి అడ్డం వస్తున్నాయని ఎప్పుడో కొరికేసుకున్నాడు. తుపాకీ మడమ చెంపకు ఆనడంలేదని అప్పలకొండ తన కోరలు రాతికి అరగదీసుకున్నాడు. పులి ఇద్దరినీ చెరొక దెబ్బ కొట్టి పక్కకు నెట్టింది. సీతాలును మెడ దగ్గర పట్టుకుంది.

కాసేపటికి నారాయుడు వాగు దాటి వచ్చాడు. గవరయ్య రక్తం కారుతూ రాతికి ఆనుకుని ఉన్నాడు.

"నీ పొట్ట కాలిపోను, ఇంత పని చేస్తావురా?"

"నేనేం చేశాను అన్నా? పూజ చెయ్యమన్నాను. ఇన్ని నీళ్లు పొయ్యమన్నానా, గొట్టంలో తేనె పిండమన్నానా? కాపలా మానెయ్యమని ఎవరు చెప్పారు?" నక్క మాటలో ఎగతాళి లేదు, అదే గవరయ్యకు భరించరానిదైంది. "వచ్చే అమావాస్యకు ఎవరి వంతో చూసుకోండి. రాజుగారు చెప్పి రమ్మన్నారు."

గవరయ్య సీతాలు నీళ్లు తాగిన చోటికి పాక్కుంటూ పోయాడు.

తుపాకీని మెరిపించుకోవడంలో పడ్డవాడికి అది ఎవరి కోసం పట్టాడో గుర్తుండదు.

ఆ ఏడు ఎర్రకొండ మళ్లీ పెద్దడవిలో కలిసింది. సీతాలు తిరిగి రాలేదు.