పేరమ్మవ్వ కల్తీ చేసిన రోజు

ఒకప్పుడు ఎముకలంటే అచ్చమైన సున్నపు కడ్డీలు. తెల్లగా మెరిసేవి, కానీ సుద్దముక్కల్లా విరిగేవి. ఏనుగు తుమ్మితే చాలు, పక్కటెముకలన్నీ ఒక్కసారే పటపటా!

వాటిని చేసేది గుట్ట కింద ఉండే పేరమ్మవ్వ. ఏటి ఒడ్డున గుల్లలేరి, బట్టీలో కాల్చి, ఆ సున్నంతో అడవి మొత్తానికీ ఎముకలు పోతపోసేది. ఆ బట్టీ సెగకి సూర్యుడే చెమట తుడుచుకునేవాడంటే చూసుకోండి!

"నా సున్నంలో చిటికెడు కల్తీ చూపించండి, బట్టీ మూసేస్తా" అనేది అవ్వ.

ఒక మధ్యాహ్నం చెంగలి అనే జింక మూడు కాళ్లమీద కుంటుతూ వచ్చింది. నాలుగోది విరగడం ఆ నెలలో ఏడోసారి.

"అవ్వా, రేచుకుక్కలు వస్తున్నాయి. పొద్దు వాలేలోగా మా మంద వాగు దూకి అవతలికి పోతోంది. నేను దూకలేకపోతే కుక్కల నోట్లో పడతాను."

"ఓస్, అంతేనా? ఇంకా తెల్లటి కాలు పోస్తా!"

"కుక్కలు రంగు చూసి వదిలేస్తాయా అవ్వా?"

అవ్వకి ఒళ్లు మండింది. సున్నం పక్కకి నెట్టి, జనపనార పేని కాలు చేసి పడేసింది. "ఇంద! ఇది విరగదు పో!"

నిజంగానే విరగలేదు. నిలబడనూ లేదు. తడితాడులా నాలుగు మడతలు పడింది. చెంగలి వెళ్లి అవ్వ గుడిసె గోడ ముందు బోర్లా పడింది. మట్టిగోడ నిండా గడ్డిపోచలు!

"అవ్వా, మట్టిలో గడ్డెందుకు కలిపావు?"

"కలపకపోతే గోడ బీటలు వారదటే పిచ్చిదానా..." అంటూనే అవ్వ నాలుక కరుచుకుంది.

"అమ్మో! కల్తీ!"

"నోర్ముయ్, ఎవరైనా వింటారు!"

అంతలో దూరంగా ఈల వేసినట్టు రేచుకుక్కల అరుపులు. అవ్వ ఇంక ఆలోచించలేదు. నార పోగుల మధ్యకి సున్నం పట్టించి, దంచి, కాలు చేసింది. రోకలితో బాదినా విరగలేదు. కానీ ఎత్తబోతే కదల్లేదు.

"ఇది కాలా, రోలా?" అని ఏడ్చింది చెంగలి.

అవ్వ గబగబా నడుమంతా వెదురులా బోలు చేసి, మెత్తటి మూలుగ నింపింది. దెబ్బ తగిలే కొసల్లో మాత్రం సన్నటి ఊతపుల్లలు వలలా అల్లింది.

చెంగలి వాగు గట్టుకి చేరేసరికి కుక్కలు తోక దగ్గరకొచ్చేశాయి. చెంగలి గెంతింది చూడండి! పైన ఎగిరే గద్ద తల వంచుకుని దారిచ్చింది! అవతలి రాతిమీద దిగగానే కాలు రవ్వంత వంగింది... మళ్లీ నిటారైంది. ఇవతలి గట్టున కుక్కలు నోళ్లు తెరుచుకుని ఉండిపోయాయి.

మర్నాడు బట్టీ ముందు అడవంతా బారులు తీరింది. "అవ్వోయ్, నాక్కూడా కల్తీదే!" అని ముందు అరిచింది ఏనుగే.

అప్పటినుంచే ఎముక సున్నంతో గట్టిగా, నారతో విరగకుండా, నడుమ బోలుగా, కొసల్లో వలలా ఉంటోంది. కాల్చితే నార పోయి పొడిపొడి అవుతుంది. వెనిగర్‌లో చాలా రోజులు నానబెడితే సున్నం పోయి, కోడికాలు ఎముక కూడా మీ చేతిలో తాడులా వంగుతుంది.