మౌలాలి ముఖం తేటపడిన రోజు

దుఃఖంలో ఉన్నవాళ్ళను ఓదార్చడం తనకు బాగా వచ్చని జిలానీ అనుకునేవాడు. గుట్ట కింది దర్గాలో నన్నేసాహెబ్ దగ్గర శిష్యుడిగా అతను చేరి ఆరేళ్ళయింది.

ఆ ఊళ్ళో సన్నాయి వాయించే మౌలాలికి భార్య పోయి నాలుగు నెలలు. రోజూ దర్గాకొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేవాడు. జిలానీ పక్కన చేరి ఓర్పు గురించి చెప్పేవాడు. మౌలాలి తల వంచుకుని వినేవాడు.

ఒక మధ్యాహ్నం జిలానీ సంతోషంగా గురువు దగ్గరికి వచ్చాడు. ఆయన అప్పుడే అన్నం ముందు కూర్చున్నారు.

"బాబా, మౌలాలి మనసు కుదుటపడింది. ఇవాళ కంట నీరు లేదు, ముఖం తేటగా ఉంది. ఏమైనా తప్పుగా మాట్లాడుంటే మన్నించమన్నాడు. తన సన్నాయి నాకిచ్చేశాడు, ఇక దాంతో పనిలేదంట."

నన్నేసాహెబ్ కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలి లేచారు. చెప్పులైనా వేసుకోకుండా ఎండలో నడిచారు. ఏమీ అర్థంకాక జిలానీ వెంట వెళ్ళాడు.

మౌలాలి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఇల్లంతా ఊడ్చి, సర్ది ఉంది. గురువు అతని ఎదురుగా నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

"మౌలాలీ, చచ్చిపోదామనుకుంటున్నావా?"



 మౌలాలి అవునన్నట్టు మెల్లగా తలూపాడు.

"ఎవరికి చెప్పుకోను బాబా" అన్నాడు. అని, పిల్లాడిలా ఏడ్చాడు.

"నాకు చెప్పు. వింటాను."

గురువు ఓర్పు మాట ఎత్తకుండా విన్నారు. మధ్యలో ఒకసారి మాత్రం జిలానీని పంపి, మౌలాలి అక్క కాశింబిని పిలిపించారు. పొద్దు వాలకముందే అందరూ కలిసి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కొన్నాళ్ళపాటు ఒంటరిగా వదలొద్దని డాక్టరమ్మ చెప్పింది. మౌలాలి మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాశింబి తమ్ముణ్ణి తన ఇంటికి తీసుకుపోయింది.

తిరిగొస్తుంటే జిలానీ ఉండబట్టలేక అడిగాడు.

"బాబా, అట్లా ముఖం మీదే అడిగితే, లేని ఆలోచన పుట్టదా?"

గురువు నడుస్తున్నవారల్లా ఆగిపోయారు.

"మా తమ్ముడు పోయే ముందు వాడి ముఖమూ ఇట్లాగే తేటపడింది. అప్పుడు నేనూ అట్లాగే అనుకున్నాను" అన్నారు. "అడగలేదు."