గోడల్లేని కోటగుమ్మం

ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు సోమయాజులు మాస్టారికి లేదు. అడిగినవాళ్లను ఏదో ఒక పనికి పురమాయించి, పని అయ్యాక కూడా అదే అడుగుతారేమో చూసేవారు. కూచిపూడి నాట్యంలో ఆయన శిష్యులు చాలామంది. అందరికంటే పాత శిష్యురాలు కౌముది.

యూరప్‌లోని ఒక పాత రోమన్ పట్టణం వాళ్ల బృందాన్ని పిలిచింది. అక్కడి పురాతన నగర ద్వారం ముందు సాయంత్రం ప్రదర్శన. నాయిక వేషం మాస్టారు హేమకిచ్చారు. హేమ వచ్చి రెండేళ్లే. నాయిక ప్రవేశానికి ముందు ఇద్దరు అడ్డంగా తెర పట్టుకుంటారు. ఆమె తెర మీదుగా జడ ఇవతలికి వేస్తుంది. పాట ముక్తాయింపు దగ్గర తెర తీస్తారు. ఆ తెర కొస ఒకటి కౌముదికి అప్పజెప్పారు.

పొద్దున కాఫీ దగ్గర కౌముది అడిగేసింది.

“తెర లోపల ఉండాల్సినదాన్ని బయట నిలబెట్టారేం మాస్టారూ?”

“కాఫీ చల్లారిపోతోంది, తాగు. రిహార్సల్‌కి వెళ్లాలి” అన్నారాయన.

ద్వారం పెద్దది. రాళ్లు పొగచూరిన వంటింటి గోడలా నల్లబడ్డాయి. గడపరాయి మీద బళ్ల చక్రాలు కోసిన గాడులున్నాయి. హేమ ఆ గడపను తొక్కకుండా దాటి, వంగి తాకి కళ్లకద్దుకుంది. చూడవచ్చినవాళ్లు ముచ్చటపడి ఫోటోలు తీసుకున్నారు. అదీ కౌముదికి కంటగింపే అయింది. కళ్లకద్దుకోవడం తనకు రాదా?

తెర పట్టారు. రెండో కొస మేకప్ వీరాస్వామి చేతిలో ఉంది. హేమ జడ తెర మీదుగా ఇవతల పడుతూ కౌముది మోచేతికి తగిలింది. ఒత్తయిన సొంత జడ. కౌముది పెట్టుకునేది సవరం. ముక్తాయింపు ఇంకా దూరంగా ఉండగానే ఆమె తన కొస వదిలేసింది.

తెర జారింది. వెనక నాయిక లేదు. చెంగు బొడ్లో దోపుకుంటూ, పెదవులతో తాళం లెక్క వేసుకుంటున్న ఒక పిల్ల ఉంది. చూస్తున్నవాళ్లలో ఎవరో నవ్వారు.

“చెయ్యి నొప్పెట్టిందా అక్కా?” అంది హేమ.

“నొప్పి చేతిలో కాదులే తల్లీ, కడుపులో” అన్నాడు వీరాస్వామి.

హేమ మాటలో వెటకారం ఉందేమోనని కౌముది వెతికింది. దొరకలేదు. దాంతో ఇంకా మండింది.

మాస్టారు కోప్పడలేదు. కౌముదిని ద్వారం అవతలికి పంపి, “ఇప్పుడు ఇందులోంచి ఊళ్లోకి రా” అన్నారు. ఆమె వచ్చింది.

“వచ్చావా ఊళ్లోకి?”

కౌముది అటూ ఇటూ చూసింది. ద్వారం రెండు పక్కలా ఖాళీ. పచ్చిక, దాని మీద దారి. సైకిలాయన ఒకడు ద్వారాన్ని తప్పించుకుని పక్క నుంచే వెళ్లిపోయాడు. వెనకా అవే దుకాణాలు, ముందూ అవే దుకాణాలు.

“గోడలేవి మాస్టారూ?”

“రాళ్లు పట్టుకెళ్లి ఇళ్లు కట్టుకున్నారేమో. మా రాజమండ్రిలో కోటగుమ్మం సెంటరుంది. కోట లేదు. బస్సు మాత్రం ఆగుతుంది.”

“గోడ లేకపోతే ఏది లోపలో ఏది బయటో ఎలా తెలుస్తుంది?”

“నన్నడుగుతావేం? పొద్దున నువ్వే గట్టిగా చెప్పావుగా” అని ఆయన కింద పడిన తెర దులిపి ఆమె చేతికిచ్చారు.

సాయంత్రం ద్వారం ముందు జనం నిండారు. కౌముది తెర పట్టింది. జడ వచ్చి మళ్లీ మోచేతికి తగిలింది. కడుపులో మంట పొద్దున ఎంతుందో అంతే ఉంది. చేతులు మాత్రం కదల్లేదు. తెర వెనక ఏముందో అని జనం మెడలు చాచారు. పక్కకు నాలుగడుగులు వేస్తే కనబడేదే, ఒక్కరూ వెయ్యలేదు. ముక్తాయింపు పడింది. తెర తీశారు. నాయిక ఉంది.

ఆట అయ్యాక అందరూ హేమ చుట్టూ మూగారు. కౌముది ఒక్కతీ గడపరాయి మీద తెర పరిచి మడతపెడుతోంది. మాస్టారు వచ్చి రెండో కొస పట్టుకున్నారు.

“హేమ ప్రవేశం బాగా కుదిరింది కదండీ” అంది. ఆ మాట చేదుగానే వచ్చింది.

“చూడలేదమ్మా” అన్నారాయన. “నేను తెర చూస్తున్నాను.”