గిజిగాడు, కబుర్ల దొప్పలు

అనగనగా, పొద్దెక్కినా మంచు వదలని ఒక అడవి ఉండేది. ఆ మంచులో అన్నీ సగం సగమే కనిపించేవి. చెట్ల తలలు కనిపిస్తే మొదళ్లు కనిపించవు. కుందేలు చెవులు కనిపిస్తే కుందేలు కనిపించదు. ఒకరినొకరు వెతుక్కుని పలకరించుకోవడం కష్టం. అందుకని అడవిలో కబుర్లన్నీ ఒక్క గోరింకే మోసేది.

గోరింక గొంతు గొప్పది. ఎలుగుబంటి చెబితే ఎలుగుబంటి గొంతుతో, కుందేలు చెబితే కుందేలు గొంతుతో అప్పజెప్పేది. చెడ్డది కాదు పాపం. పొగిడితే మాత్రం ఉబ్బిపోయేది.

ఒకసారి చుక్కమ్మ అనే జింక, వాగవతల ఉండే అక్కకు కబురు పంపింది. "అక్కా, నా పిల్లను రెల్లుగడ్డిలో దాచాను. నేను మేతకు వెళ్లినప్పుడు వచ్చి కాస్త చూసుకో" అని. దారిలో నక్క గోరింకను ఆపింది.

"గోరింకమ్మా, నీ గొంతు విని ఎన్నాళ్లయిందో! జింకలాగా ఒక్క మాట పలుకు తల్లీ" అంది.

గోరింక పొంగిపోయి పలికింది. మొత్తం పలికింది. చుక్కమ్మ తిరిగి వచ్చేసరికి రెల్లుగడ్డి నలిగి ఉంది. పిల్ల లేదు. ఆ తల్లి రాత్రంతా ఏడుస్తూనే ఉంది.

ఆ ఏడుపు గిజిగాడు విన్నాడు. గిజిగాడంటే తెలుసుగా? గడ్డిపోచలకు ముడులు వేసి గూడు అల్లే పిట్ట. ఇంక ఇలా జరగకూడదనుకున్నాడు.

ఆ అడవిలో ఒక చిత్రం ఉంది. మోదుగాకు దొప్పలోకి మాట చెప్పి మడిచేస్తే, మాట మంచుతోపాటు లోపలే నిలిచిపోతుంది. తెరిస్తే చెప్పినవాళ్ల గొంతే వినిపిస్తుంది. ఆకు చిరిగితే మాత్రం మాట పోతుంది. మరి మన దొప్పల్లో ఎందుకు నిలవదంటారా? మనది ఎండల ఊరు కదా. నవ్వకండి, వినండి.

గిజిగాడు ఇంటింటికీ వెళ్లి అందరినీ పోగుచేసి చెప్పాడు. "ఎవరి ముడి వాళ్లే కనిపెట్టుకోండి. వేయడం అందరికీ నేర్పండి. విప్పడం మాత్రం ఎవరికీ చెప్పకండి. చుక్కమ్మకు కబురు పంపాలంటే దొప్పకు గడ్డిపోచతో చుక్కమ్మ ముడి వేయండి. దాన్ని చుక్కమ్మ ఒక్కతే విప్పగలదు. మోయడానికి అటు వెళ్లేవాళ్లు ఎవరైనా సరే. ఉడుత కొంత దూరం, తాబేలు కొంత దూరం."

అందరికీ నచ్చింది. ఎలుగుబంటికి మాత్రం బెంగ పట్టుకుంది. "నాకు మతిమరుపయ్యా. విప్పే పద్ధతులన్నీ నువ్వే నేర్చి పెట్టుకో. నువ్వు మంచివాడివి కదా!"

"అవునవును, నీ దగ్గరే ఉంచు" అన్నాయి మిగతావి.

గిజిగాడికి ఆశ పుట్టింది. అడవంతా తన గూటి ముందే నిలబడుతుంది! ఎంత గొప్ప! అంతలో చుక్కమ్మ అతని వైపు చూసింది. ఆమె మళ్లీ చూడితో ఉంది.

"వద్దు మామా" అన్నాడు గిజిగాడు ఎలుగుబంటితో. "గోరింక కూడా మంచిదే."

ఎలుగుబంటి తన ముడి విప్పడం మరిచిపోనే మరిచిపోయింది. దానికి వచ్చిన తేనెపట్టు కబురు దొప్పలోనే ఉండిపోయింది. గిజిగాడిని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లన్నీ అతను పడ్డాడు.

చుక్కమ్మకు పిల్ల పుట్టింది. ఈసారి ఆమె రెండు దొప్పల్లో ఒకే మాట చెప్పి, అక్క ముడి వేసి, ఒకటి ఉడుతకు, ఒకటి తాబేలుకు ఇచ్చింది. నక్కకు ఆ సంగతి పసిగట్టడం ఎంతసేపు? ముందు గోరింక దగ్గరికి పోయింది.

"నాకేం తెలుసు? నాతో ఎవరూ చెప్పడం లేదు" అని గోరింక మూతి ముడుచుకుంది.

తర్వాత ఉడుతను బెదిరించి దొప్ప లాక్కుంది. ముడి విప్పడం రాలేదు. పళ్లతో చింపింది. మాట మంచులో కలిసిపోయింది.

చివరికి గిజిగాడి దగ్గరికి వచ్చింది. అతను నేల మీద గడ్డిపోచలు ఏరుకుంటున్నాడు. నక్క అతన్ని కాలి కింద అదిమిపెట్టింది.

"జింకపిల్ల ఎక్కడుంది?"

"నాకు తెలియదు."

"ఈ ఏర్పాటంతా నీదేగా! నీకు తెలియకపోవడమేంటి?"

"నాకు తెలియకుండా ఉండేలాగే కట్టాను నక్కబావా."

"అయితే నిన్ను మింగేస్తాను. నీ దొప్పలన్నీ ఆగిపోతాయి."

గిజిగాడికి భయమేసింది. అయినా ఉన్నమాటే చెప్పాడు. "ఆగవు. ముడులు వాళ్లవి, మోసేదీ వాళ్లే. నేను లేకపోయినా నడుస్తాయి."

నక్క ఆలోచించింది. ఈ పిట్టను తింటే నోట్లో ఈకలు తప్ప ఏమీ మిగలవు. విసుగ్గా కాలు తీసి, మంచులోకి వెళ్లిపోయింది.

ఆ వేళకే తాబేలు వాగు దాటింది. అక్క ముడి విప్పింది. దొప్పలోంచి చెల్లెలి గొంతు మెల్లగా వినిపించింది. ఆమె వెంటనే లేచి, పిల్ల ఉన్న చోటికి నడిచింది.

పిల్లను ఎక్కడ దాచిందని నన్ను అడక్కండి. ఆ దొప్ప నాకు వచ్చింది కాదు.

నీతి: ఎదుటివారి రహస్యాన్ని దాచడం మంచిది, అసలు తెలుసుకోకుండా ఉండడం ఇంకా మంచిది.