సొరకాయ సేమ్యా

ఫక్రుద్దీన్ తాత రెండు శుక్రవారాలుగా దర్గాకు భోజనానికి రావడం లేదు. వంట చేసే మదార్‌కు మనసు మనసులో లేదు. తప్పంతా తనదేనేమోనని లోపల ఒకటే గుబులు.

తాత నలభై ఏళ్లు దర్గాకు చేత్తో సేమ్యా చేసిచ్చినవాడు. ఇప్పుడు చూపు మందగించింది, పైగా షుగరు వచ్చిపడింది. సేమ్యా ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పాపం, ఆయనకు అదంటే ప్రాణం. అది చూడలేక మదార్ ఒక శుక్రవారం సొరకాయను దారాల్లా సన్నగా కోసి, ఉప్పు చల్లి నీళ్లు పిండి, పోపులో అలా తిప్పి దించాడు. "సేమ్యా ఉప్మా, తాతా!" అని వడ్డించాడు. తాత వేళ్లతో ఒకసారి తడిమి, పళ్లెం ఖాళీ చేసి వెళ్లాడు.

"కనిపెట్టలేకపోయాడు బాబా!" అని మదార్ ఆ రోజు దర్గాలో ఉండే తన గురువు దగ్గర మురిసిపోయాడు కూడా. 

ఇప్పుడు మదార్ గోడు వెళ్లబోసుకుంటే బాబా "పద" అని లేచాడు. ఒక లేత సొరకాయ, చాకు సంచిలో వేసుకున్నాడు.

తాత ఇంటి అరుగు మీద కూర్చుని బాబా సొరకాయ కోయడం మొదలుపెట్టాడు. ఆయనకు వంట బొత్తిగా రాదు. తాత ఒక ముక్క తడిమి చూసి పకపకా నవ్వాడు.

"ఇంత లావా బాబా? ఇలా ఇవ్వండి." చాకు అందుకుని, "మొన్న మీ మదార్ కోసిందే నయం" అన్నాడు.

మదార్ ముఖం మాడిపోయింది. "నీకు తెలుసా తాతా?"

"ఈ చేతులకు తెలియదా నాయనా?"

"మరి అప్పుడే అనొచ్చు కదా!"

"అంత ప్రేమగా అబద్ధమాడావు. కాదనడానికి నోరు రాలేదు. మళ్లీ వస్తే మళ్లీ ఆడతావని రాలేదు."

మదార్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాబా తలవంచుకుని, తాత కోసిన దారాలను పళ్లెంలోకి ఏరుతూ కూర్చున్నాడు.

శుక్రవారం వచ్చింది. పంక్తిలో బాబా పక్కన తాత కూర్చున్నాడు. మదార్ గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం చేశావు నాయనా?" అని అడిగాడు తాత.

బాబా తలెత్తి చూశాడు.

"సొరకాయ, తాతా."

తాత పళ్లెం ముందుకు జరిపాడు.