కదలని రెండు

"పుస్తకం చివర ఆధారాల జాబితా ఎందుకు వేస్తారర్రా? చెప్పు, శార్వరీ."

"పేజీలు పెంచడానికి, అమ్మమ్మా!"

"నక్క కూడా అలాగే అనుకుంది. వినండి."

ఎండలకు వాగు అడుగంటింది. అడవి కంప్యూటర్ మీద నివేదికలు కూర్చే నక్క, గని గుంటలో నీళ్లున్నాయని లేళ్ల మందకు రాసిచ్చింది. నీళ్లున్న మాట నిజమే. గుంట గట్టు వెనక చిరుత కూడా ఉంది. వేట దొరికితే ఎముకలు నక్కవని ఒప్పందం.

"గుంట దగ్గర చిరుత జాడ లేదు" అని రాసి, పక్కన ఆధారం వేయమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పింది నక్క. లేని పుస్తకాన్ని సాఫ్ట్‌వేర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? ప్రశ్నార్థకం వేసింది. నక్క దాన్ని చెరిపేసి, చేత్తో 2 అని కొట్టింది. అప్పటికి జాబితాలో ఒకటోది కొంగ రాసిన పుస్తకం, రెండోది తాబేలు రాసిన 'వాగుల తీరు'. తాబేలు తాత మాటంటే ఎవరు కాదంటారు?

లేడిపిల్ల నాలుక పిడచకట్టుకుపోతోంది. తల్లిలేడి మాత్రం కాగితం వదల్లేదు.

"నక్క మావా, మా అమ్మమ్మ రాసిన 'నీటి దారులు' ఇందులో లేదేం?"

"ఇప్పుడా? పిల్ల సొమ్మసిల్లేలా ఉంది, పదవమ్మా!"

"ఆవిడ పేరు మొదట పడందే మంద కదలదు."

నక్క గట్టువైపు ఓ దొంగచూపు చూసి, ఆ పుస్తకాన్ని నివేదిక మొదటి వాక్యానికి ఆధారంగా చేర్చి, మళ్లీ ప్రింటు తీసింది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. భోజనాల పంక్తిలో మొదట ఒకరొచ్చి కూర్చుంటే, మిగతావాళ్లు తలా ఒక విస్తరి జరుగుతారు కదా? అలాగే కొంగ పుస్తకం ఒకటి నుంచి రెండుకి, తాబేలుది రెండు నుంచి మూడుకి జరిగాయి. నివేదిక లోపల వాటి అంకెల్ని కూడా సాఫ్ట్‌వేరే మార్చేసింది. చేత్తో కొట్టిన 2 మాత్రం కదల్లేదు.

తల్లిలేడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "'చిరుత జాడ లేదు', రెండు. రెండోది... కొంగ రాసిన 'కప్పల వేపుడు'. చిరుత సంగతి వేపుడులో ఉందా మావా?"

"అది... మిషన్ తప్పమ్మా."

"మిగతా అంకెలన్నీ జరిగాయే! ఇదొక్కటే మొండికేసిందేం?"

నక్క కాగితం లాక్కోబోయింది. తల్లిలేడి ఇవ్వలేదు.

"సరే, జాడ లేదన్నావుగా. ముందు నువ్వు నడువు, నీ వెనకే మేం."

నక్క కాలు లేవలేదు. మందంతా ఆ కాళ్లనే చూసింది. తల్లిలేడి పిల్లను ముట్టెతో నెట్టి, దూరమైనా సరే, తన అమ్మమ్మ 'నీటి దారులు'లో రాసిన ఊటవైపు మందను మళ్లించింది.

గట్టు వెనక గొంతు గుర్రుమంది. "ఏదిరా నక్కా, నా భోజనం?"

ఆధారం లేని మాటకు అంకె తొడిగితే, ఆ అంకే ఎదురు తిరిగి సాక్ష్యం చెబుతుంది.

ఇక లేవండి. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం సగంలో వదిలేసి వచ్చాను, నే పోతున్నా.